కనపడలేదు అంటే లేదని కాదు

మాది మెట్‌పల్లి. మాకు తెలిసిన నీళ్ళంటే కాకతీయ కాలువ, వానాకాలం నిండే చెరువులు, కొంచెం దూరం పోతే గోదావరి. సముద్రం మాకు బాగా దూరం. అయినా ఓడల అడుగుభాగం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మా వైపు ఉన్నారు. ఎలాగంటారా? గల్ఫ్! మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల నుంచి దుబాయి పోయినవాళ్ళలో కొందరు డ్రైడాక్‌లలో పనిచేశారు. మా చిన్నబాపు అలాంటివాడే. పన్నెండేళ్ళు ఓడల పొట్టలు గీకి, రంగులేసి వచ్చాడు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్. ఓడ అడుగును నీళ్ళలోనే తనిఖీ చేసే సోనార్ నుంచి వచ్చే బొమ్మల్ని స్క్రీన్ మీద చూపించడం మా టీం పని. నా ఉద్యోగమేంటో ఇంట్లో అర్థమయ్యేలా చెప్పగలిగిన ప్రాజెక్టు ఇదొక్కటే :)

సంగతేంటంటే, ఓడను డ్రైడాక్‌కి తేవడం బోలెడు ఖర్చు, బోలెడు రోజుల పని. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సరుకు ఓడ అడుగును అయిదేళ్ళలో కనీసం రెండుసార్లు చూడాలి, మధ్యలో 36 నెలలు దాటకూడదు. షరతులకు లోబడి అందులో ఒకటి నీళ్ళలో ఉండగానే చేయొచ్చు. మామూలుగా డైవర్లు కెమెరాతో దిగుతారు. కానీ చాలా హార్బర్లలో నీళ్ళు బురదగా ఉంటాయి, చాపిన చెయ్యే కనపడదు. అక్కడ వెలుతురు చేయలేని పని శబ్దం చేస్తుంది. ఆస్పత్రిలో కడుపుకి చేసే స్కానింగ్ లాంటిదే అనుకోండి.

వాషింగ్టన్ యూనివర్సిటీలో తయారైన డిడ్సన్ అనే సోనార్‌నే తీసుకుందాం. 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర అది 96 బీములు వాడుతుంది, ఒక్కోటి 0.3 డిగ్రీల వెడల్పు. అంటే 5 మీటర్ల దూరంలో ఒక బీము సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పది మీటర్లకు పోతే దానికి రెట్టింపు. పౌనఃపున్యం పెంచితే బొమ్మ స్పష్టంగా వస్తుంది, కానీ నీళ్ళు ఆ శబ్దాన్ని త్వరగా మింగేస్తాయి, దూరం తగ్గిపోతుంది. రెండూ కావాలంటే కుదరదు. పైగా ఏదైనా ఉబ్బెత్తుగా ఉంటే దాని వెనక నల్లటి నీడ పడుతుంది. ఆ నీడని బట్టే వస్తువు ఎత్తు అంచనా వేస్తాం, కానీ ఆ నీడలో ఏముందో మాత్రం సోనార్‌కి తెలియదు.

ఇదంతా చిన్నబాపుకి చెప్తే ఆయన అడిగింది ఒకటే. "ఓడను దిమ్మెల మీద కూసోవెడ్తరు బిడ్డా. దిమ్మె ఉన్నకాడ రంగు తాకదు. గా జాగలనే ముందుగాల గుల్లలు వడ్తయి. మీ మిషిన్ గక్కడ జూస్తదా?"

చూడాల్సిన ప్రశ్న అది. మా క్లయింట్ ఒకరు రెండే రంగులు అడిగారు: బాగుంటే ఆకుపచ్చ, లోపం ఉంటే ఎరుపు. మూడో రంగు ఉండాలని నేను వాదిస్తున్నాను. బీము తగలని చోటు, నీడ పడిన చోటు, మరీ దూరమైన చోటు బూడిదరంగులో కనపడాలి. డేటాబేస్‌లో నల్‌ని సున్నాగా రాస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు కదా! ఇక్కడ మాత్రం దాని కింద ఒక మనిషి సంతకం ఉంటుంది.

2019 మే 12న యూఏఈలోని ఫుజైరా తీరంలో నాలుగు ఓడలు పేలుళ్ళకు దెబ్బతిన్నాయి. ఓడ ఒంటికి అంటించే లింపెట్ మైన్లు వాడి ఉండొచ్చని దర్యాప్తు చెప్పింది. అలాంటి మైను ఒకటి పట్టడానికి చూడకుండా వదిలేసిన చిన్న జాగా చాలు.

మన దగ్గరికే వద్దాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. మా పక్క ఇబ్రహీంపట్నం మండలాన్ని ఒరుసుకుంటూ పోయే గోదావరే అది. వరద నీటిలో, రెండువందల అడుగులకు పైగా లోతులో ఉన్న బోటు కోసం సైడ్ స్కాన్ సోనార్‌తో వెతికారు. పైకి తీసింది మాత్రం తాళ్ళు, లంగర్లతో కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, డైవర్ల సాయంతో, అక్టోబర్ 22న. అన్ని రోజులు ఎదురుచూసిన కుటుంబాలకి "అక్కడ లేదు" అనే మాట, "అక్కడ ఇంకా వెతకలేదు" అనే మాట ఒకటి కావు.

మూడో రంగు పెడితే రిపోర్టు అందంగా ఉండదు, ప్రొడక్టు అసంపూర్తిగా కనపడుతుంది అంటున్నారు. నిజమే. కానీ ఆ బూడిదరంగు మచ్చలే డైవర్‌కి పనికొస్తాయి. ఓడంతా తడుముకోకుండా ఎక్కడ దిగాలో అక్కడే దిగుతాడు, తక్కువసేపు ప్రమాదంలో ఉంటాడు. నా లెక్కలో హై రిజల్యూషన్ వల్ల అసలు లాభం ఇదే.

మీరు పనిచేసేది బ్యాంకుకో, ఆస్పత్రికో, బీమా కంపెనీకో కావచ్చు. మీ స్క్రీన్ మీద "తెలియదు" అనే జవాబుకి చోటుందా? రేపు ఆఫీసుకెళ్ళాక ఒకసారి చూడండి.