టైగర్ కింద కడ్డీల లెక్క

మా ఇంట్లో మాటలు తెలుగులో, లెక్కలు కన్నడంలో. బడిలో అలాగే నేర్చుకున్నాం. అన్నా చెల్లెలం కలిసి 1/6 కొలతలో రేడియోతో నడిచే టైగర్ ట్యాంకు చేస్తున్నాం కాబట్టి, దాని టార్షన్ బార్ల లెక్క ఒక్కటైనా మన పిల్లలకు తెలుగులో రాసిపెడదామనుకున్నాం.

జర్మన్ల టైగర్ 1కి పక్కకు 8 చొప్పున 16 టార్షన్ బార్లు. అంటే పొట్ట అడుగున అడ్డంగా పడుకున్న ఉక్కు కడ్డీలు. ఒక కొన అవతలి గోడకు బిగించి ఉంటుంది, ఇవతలి కొనకు చక్రాలను మోసే చేయి. చక్రం రాయెక్కితే చేయి లేస్తుంది, కడ్డీ మెలి తిరుగుతుంది, రాయి దాటగానే మెలి విప్పుకుంటుంది.

అసలు కడ్డీని 6తో భాగించి వేస్తే సరిపోదా? పోదు. అసలు ట్యాంకు దాదాపు 57 టన్నులు. పొడవు 6 రెట్లు తగ్గితే బరువు 216 రెట్లు తగ్గాలి, అంటే 264 కిలోలు. మా బండి బ్యాటరీలతో సహా 40 కిలోలే. అంత తేలిక బండి కింద ఆ కడ్డీ మెలి 40వ వంతుకు పడిపోతుంది. ఉన్నా లేనట్టే.

అందుకే తూకం నుంచి మొదలుపెట్టాం. 40 కిలోలు 16 కడ్డీలకు పంచితే ఒక్కోదానికి 2.5 కిలోలు. చేయి 50 మి.మీ., కడ్డీ 300 మి.మీ. బండి నిలబడినప్పుడు 15 మి.మీ. దిగితే చాలు. స్ప్రింగ్ స్టీలుకు లెక్క కడితే వ్యాసం 3.5 మి.మీ. వచ్చింది.

వ్యాసం, కన్నడంలోనూ అదే మాట, దీని దగ్గరే అసలు కిటుకు. గట్టితనం వ్యాసాన్ని నాలుగుసార్లు గుణించినట్టు పెరుగుతుంది. 3కి 81, 4కి 256. 3 మి.మీ. కడ్డీ వేస్తే బండి 28 మి.మీ. దాకా కుంగుతుంది, 4 వేస్తే 9 దగ్గరే ఆగుతుంది. పొడవు అలా కాదు, రెండింతలైతే మెలి కూడా రెండింతలే. కాబట్టి అంగడిలో కడ్డీని కంటితో చూసి తీసుకోకండి, వెర్నియర్‌తో కొలవండి.

"లావు కడ్డీ అయితే గట్టిగా ఉంటుంది కదత్తా?" అన్నాడు మా అన్న కొడుకు.

"ఎద్దులబండికి అసలు స్ప్రింగే లేదురా, గట్టిగానే ఉంటుంది. ఎక్కి కూర్చుంటే నడుము చెబుతుంది" అన్నాం.

నడుము సంగతి అటుంచితే, మరీ గట్టిదైతే గతుకుల్లో కొన్ని చక్రాలు గాల్లో తేలతాయి, పక్కకు తిరిగేటప్పుడు గొలుసు పట్టా ఊడొచ్చు. మరీ మెత్తనైతే పొట్ట నేలకు రాసుకుంటుంది.

వాడు లెక్కంతా నోట్సులో ఎక్కించుకున్నాడు. అంకెలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి, కూడికలు మాత్రం కన్నడంలో గొణుక్కుంటూ. ఇప్పటికి అది చాలు. మోటారు మార్చినా, బ్యాటరీ పెంచినా మళ్లీ తూచాల్సింది వాడే.