కాలువల వెంట ఒక రోజు

మావారికి కాలువలంటే గిట్టదు. నీళ్ళంటే భయమేమీ లేదు, కృష్ణలో ఈత నేర్చుకున్న మనిషే. కాలువ అన్న మాటే ఆయనకు పడదు. కిందటేడు మా అమ్మాయి వెనిస్ నుంచీ, దానికి దక్షిణాన ఉన్న కియోజా అనే చేపల రేవు ఊరినుంచీ ఫొటోలు పంపింది. "మీరిద్దరూ ఒకసారి రండి. ఒక్క రోజులో రెండు ఊళ్ళూ చూసి, చేపలు తిని, తిరిగి రావచ్చు" అని రాసింది. ఆయన ఆ ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూసి, "ఇవన్నీ ఉప్పునీళ్ళు. వీటితో ఒక్క మడి తడవదు" అన్నారు. అందులో ఇటలీ మీద చిన్నచూపేమీ లేదని నాకు తెలుసు.

ఆయన పుట్టింది పెబ్బేరు దగ్గర ఒక పల్లెలో. ఇంటికి ఐదెకరాల చెలక ఉండేది. ఒక బావి, ఆ బావిలో ఆర్నెల్లు మాత్రం నీళ్ళు. 1986లో బావి పూర్తిగా ఎండింది. అదే ఏడు మా ఆడపడుచు పెళ్ళి కుదిరింది. మామగారు చేను అమ్మి, పెళ్ళి చేసి, గుంపు మేస్త్రీ వెంట పనికి వెళ్ళిపోయారు. కర్ణాటకలో కొన్నాళ్ళు, మహారాష్ట్రలో కొన్నాళ్ళు. ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అన్న మాట వినిపించే రోజులవి. ఊరూరికీ నీళ్ళు తెచ్చే పని చేసిన ఆ జిల్లా మనుషుల సొంత చేలు మాత్రం బీళ్ళుగానే ఉండేవి. జూరాల ప్రాజెక్టుకు 1981లోనే శంకుస్థాపన జరిగింది. నీళ్ళు ఈ పొలాల దాకా రావడానికి 1990ల నడుమ వరకూ ఆగవలసి వచ్చింది. అప్పటికి ఆ ఐదెకరాలూ వేరొకరివి. ఎడమ కాలువ నుంచి చీలిన పిల్లకాలువ సరిగ్గా ఆ చేని గట్టునే పారుతుందని ఎవరో చెప్పిన రోజు నుంచీ ఈయన ఆ దారి తొక్కలేదు.

మామగారు చివరి రెండేళ్ళూ హైదరాబాదులో మా దగ్గరే ఉన్నారు. "ఒక్కసారి చేను చూపించుకు రారా" అని అడిగేవారు. "మనది కానిదాన్ని చూసి ఏం చేస్తాం నాయనా" అని ఈయన దాటవేసేవారు. ఆయన పోయి మొన్న ఉగాదికి ఏడాది నిండింది.

ఆగస్టు ఆఖరున గద్వాలలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మర్నాడు తిరుగు ప్రయాణం. గద్వాల నుంచి తిన్నగా హైవే ఎక్కకుండా జూరాల మీదుగా, వనపర్తి, నాగర్‌కర్నూలు చూసుకుంటూ పోదామని నేనే అన్నాను. "మనకు ఇదే వెనిస్ అనుకోండి" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ కాదనలేదు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి, పిండి, పుట్నాలపొడి చల్లి తాలింపు వేసే ఈ ఉగ్గాని కర్నూలు వాళ్ళదా, రాయచూరు వాళ్ళదా అన్న తగువు గద్వాలలో అనవసరం. రెండు ఊళ్ళకూ నడుమ కూర్చుని హాయిగా తింటారు. అక్కడినుంచి కోటకు వెళ్ళాం. నల్ల సోమనాద్రి కట్టించిన కోట అది. లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉన్నాయి. కవులనూ పండితులనూ పోషించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానపు కోటలో ఇప్పుడు పిల్లలు పరీక్ష ఫీజు గురించి మాట్లాడుకుంటున్నారు. అదీ బాగానే ఉందనిపించింది.

చీరల దుకాణంలో మాత్రం నేను ఆలస్యం చేశాను, ఒప్పుకుంటాను. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. వాటిని విడిగా నేసి కుట్టరు, మగ్గం మీదే పోగును పోగుకు మెలివేసి కలుపుతారు. చాలా ఏళ్ళుగా కడుతున్నా ఈ సంగతి చేతితో తడిమి చూసే దాకా నాకు సరిగా అర్థం కాలేదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు స్వామికి వెళ్ళే ఏరువాడ జోడు పంచెలు నేసేదీ ఈ ఊళ్ళోనే. మావారు బయట కారులో కూర్చుని హారన్ కొట్టారు.

జూరాలలో గేట్లు కొన్ని ఎత్తి ఉన్నాయి. డ్యాము మీది రోడ్డున పోతుంటే కారు అద్దాలకు తుంపర పడింది. కింద ఎర్రనీళ్ళు బండల మీద విరుచుకుపడుతున్నాయి. రేవులపల్లి దగ్గర చేపలు వేయించే పాకల ముందు అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. పళ్ళెంలో వరుసగా పేర్చిన చేపలు, వాటికి పట్టించిన ఎర్రటి కారం, పెద్ద మూకుడులో సలసల కాగే నూనె. మనం చూపించిన చేపనే వేయించి ఇస్తారు. బొచ్చె తీసుకున్నాం. ముల్లు ఎక్కువే గానీ ఆ రుచి నగరంలో ఐసులో పడుకున్న చేపకు రాదు. నిమ్మకాయ, ఉల్లిపాయ, ఒక జొన్నరొట్టె. ఆయన తలెత్తకుండా తిన్నారు. "కియోజాలో ఇంతకన్నా ఏం పెడతారట?" అన్నారు. ఆ రోజు ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అది.

ఆత్మకూరు దాటాక కాలువ కొంత దూరం కనిపిస్తూ, కొంత దూరం మాయమవుతూ వచ్చింది. ఇరువైపులా వరి. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదే దారిలో ఆముదం చెట్లూ రాళ్ళూ తప్ప ఏమీ చూసిన గుర్తు లేదు. పెబ్బేరు వచ్చింది. ఆయన కారు పక్కకు ఆపి, ఒక నిమిషం ఊరకే కూర్చుని, పల్లె దారికి తిప్పారు. నేను ఏమీ అనలేదు. అంటే మళ్ళీ వెనక్కి తిప్పుతారేమోనని భయం.

చేను కొన్న పెద్దాయన తూము దగ్గరే ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. ఈయనను గుర్తుపట్టలేదు. తండ్రి పేరు చెప్పగానే మాత్రం చేతికర్ర గట్టున ఆనించి, "కూసోండ్రి" అన్నాడు. ఇంటినుంచి సద్ది వచ్చింది. జొన్నరొట్టెలు, పుంటికూర, పల్లీల తొక్కు. చేప తిన్న కడుపుల్లో చోటు లేదు, అయినా తిన్నాం. ఆ చేని అంచున కూర్చుని ఆ రొట్టె వద్దనడం మావల్ల కాలేదు.

"కాకా, నీళ్ళు బాగానే వస్తున్నాయా?" అని అడిగారు ఈయన.

"వస్తున్నయి. చివరి ఆయకట్టోళ్ళకే తిప్పలు. మనకు వంతు తప్పదు" అన్నాడు పెద్దాయన. 'మనకు' అన్నాడు. ఆ మాట ఈయనకు తగిలిందో లేదో గానీ నాకు తగిలింది. కాసేపాగి ఆయనే మళ్ళీ అన్నాడు. "నీళ్ళొచ్చిన తొలిసారి మీ నాయన వచ్చిండు. ఎవరు చెప్పిన్రో ఏమో. పొద్దుగూకే దాంక ఈ తూము కాడనే కూసున్నడు. 'ఒక్క మడవ నేను తిప్పుతా' అన్నడు. పార ఇచ్చిన. తిప్పిండు."

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది? బువ్వ తిన్నడు, బస్సెక్కిండు."

మావారు లేచి, "ఏ మడవ?" అన్నారు. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడాడ లేదు నాయనా. ట్రాక్టరు పెట్టి సాపు చేసినప్పుడు గట్లు మార్చినం" అన్నాడు. ఈయన అయినా అటే చూస్తూ నిలబడ్డారు. అక్కడ మోకాటెత్తు వరి తప్ప చూడడానికి ఏమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన సంచీడు పల్లీలు కారులో పెట్టించాడు. డబ్బు ఇవ్వబోతే కర్ర ఎత్తాడు.

శ్రీరంగాపురంలో రంగసముద్రం నిండుగా ఉంది. వనపర్తి రాజులు తవ్వించిన చెరువులను సప్తసముద్రాలంటారు. ఒడ్డున రంగనాయకస్వామి గుడి గోపురం నీళ్ళలో కనిపిస్తుంది. ఈ రంగసముద్రమూ, శంకరసముద్రమూ ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో జలాశయాలు. రాజుల నాటి కట్టకు పంపుల నీళ్ళు. సముద్రం మొహం చూడని నేల మీద చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్న వాళ్ళ దాహం ఎంతటిదో అనుకున్నాను. పైకి అనలేదు. వనపర్తిలో ఆగింది పావుగంటే. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది, గేటు బయటినుంచే చూశాం.

నాగర్‌కర్నూలు చేరేసరికి చీకటి పడుతోంది. కేసరి సముద్రం కట్ట మీద జనం నడుస్తున్నారు. శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు మెట్లుగా ఎత్తి ఈ ప్రాంతానికి తెచ్చారు. ఆ శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళలో ఈ జిల్లా ఊళ్ళూ ఉన్నాయి. పక్కనే బజ్జీల బండి. రెండు ప్లేట్లు తీసుకుని కట్ట మీద కూర్చున్నాం. ఆయన ఫోన్ తీసి చెల్లెలికి చేశారు, స్పీకర్ పెట్టి.

చేనికి వెళ్ళామని చెప్పగానే ఆమె, "ఇప్పుడు ఎకరం ఎంతుందట?" అని అడిగింది. ఈయన నవ్వారు. తర్వాత, "నీళ్ళొచ్చిన మొదటిసారి నాయన అక్కడికి వచ్చిండట. నీకు తెలుసా?" అన్నారు.

అవతల కొంతసేపు మాట లేదు.

"నేనే తోలుకపోయిన అన్నా" అంది. "నీకు చెప్పొద్దన్నడు. నా పెండ్లికే అమ్మిండు గద, నువ్వు నన్నేమన్నా అంటవని."

ఆయన ఫోన్ పెట్టేసి, తాళంచెవులు నా చేతికిచ్చారు. జడ్చర్ల దాకా నేనే నడిపాను.