నాయినమ్మ మొక్కు - నా నడక

మొక్కు నాది కాదు, మా నాయినమ్మది. నడక మాత్రం నాది.

ప్రతి మహాశివరాత్రికీ మా ఊరి నుండి పాలకుర్తి గుట్టకు కాలినడకన పోవడం ఆమెకు కాపురానికి వచ్చిన నాటి నుండీ అలవాటు. కిందటేడు మోకాళ్ళు మొరాయించాయి. "నా బదులు నువ్వు పో బిడ్డా. బస్సెక్కితే మాత్రం లెక్కల రాదు" అన్నది. దేవుడి దగ్గరైనా లెక్క లెక్కే అనే మనిషి ఆమె. నాకేమో దేవుడి కంటే పరీక్షలంటేనే భయం ఎక్కువ. పైగా తోడు వచ్చేది నాయిన. నెల రోజులుగా మా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాట లేదు. కారణం ఒక ఎకరం. నా పై చదువు కోసం బాయికాడి ఎకరం అమ్ముతానని ఆయన అన్నాడు. వద్దనే ధైర్యం లేక, సరేననే మనసు రాక నేను ఊరుకున్నాను.

కోడి కూయకముందే బయలుదేరాం. నాయినమ్మ లెక్క ప్రకారం మూడు చోట్లా ఆగాలి - బమ్మెర, వల్మిడి, పాలకుర్తి. భాగవతం తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెర. వాల్మీకి తపస్సు చేసిన చోటని జనం నమ్మే గుట్ట వల్మిడి. బసవపురాణం రాసిన సోమనాథుని ఊరు పాలకుర్తి. మూడు ఊళ్ళూ ఒక్క మండలంలోనే ఉన్నాయి. 2016 దాకా వరంగల్ జిల్లా, ఆ తర్వాత జనగామ జిల్లా. ఫ్రాన్సులో లె ప్యుయి అనే ఊళ్ళో రాతి శిఖరం మీద ఒక గుడి ఉందనీ, ఆ ఊరి నుండి స్పెయిన్ దాకా భక్తులు వారాల తరబడి నడుస్తారనీ ఎక్కడో చదివి అబ్బురపడ్డాను. ఇంటి దగ్గరి దారిని మాత్రం అంతవరకూ బస్సు కిటికీలోంచే చూశాను!

బమ్మెరలో పోతన దున్నిన పొలమని చెప్పుకొనే చోట నాయిన చెప్పులు విడిచి, వంగి చిటికెడు మట్టి నుదుటికి అద్దుకున్నాడు. ఆయన భాగవతం చదివినవాడు కాడు. నేను చదివినవాణ్ణి, నిలబడి చూశాను.

ఎండెక్కేసరికి నా కాళ్ళకు బొబ్బలు లేచాయి. దారికి ఇరుపక్కలా యాసంగి వరి, గట్ల మీద మోదుగు పూలు. మా వెనుక నడుస్తున్న ఆడవాళ్ళు శివుని మీద పాట ఎత్తుకున్నారు. ఒకామె చెబితే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. అప్పుడు గుర్తుకొచ్చింది సోమనాథుని పండితారాధ్య చరిత్ర. అందులోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులున్నారు, వాళ్ళ పాటలున్నాయి. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు - ఈ పేర్లు నేను పరీక్ష కోసం బట్టీ పట్టినవే. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అని గణవిభజన కూడా చేశాను. కానీ పాదం అంటే అడుగు అనే సంగతి నా కాళ్ళు బొబ్బలెక్కిన తర్వాతే నాకు తెలిసింది. ఆ పాట వింటూ నడిస్తే ఒక మైలు ఎట్లా గడిచిందో తెలియలేదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విగ్రహం దగ్గర నాయిన ఆగాడు. కౌలుకు తీసుకొని సాగు చేసిన భూమిలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే, సంఘం వాళ్ళ అండతో నిలబడి ధాన్యం ఇంటికి చేర్చుకున్న తల్లి. 1985లో కన్నుమూసింది. నాయిన విగ్రహం వైపు చూస్తూ, "పట్టా లేని భూమికే అంత కొట్లాడిందిరా" అన్నాడు. ఆ రోజు ఆయన నాతో అన్న మొదటి పెద్ద మాట అదే. నేను తల వంచుకున్నాను.

గుట్ట మీద సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు గుహల్లో వెలిశారు. గుట్ట చుట్టూ తిరగలేని ఒక ముసలి భక్తురాలి కోసం శివుడే బండను చీల్చి దారి ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ చీలికలో ప్రదక్షిణ చేస్తుంటే ముందూ వెనకా ముసలమ్మలే. చీకటిగా ఉన్న చోట నాయిన వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు. చిన్నప్పుడు జాతరలో చాచినట్లే. పట్టుకున్నాను. ఆ అరచేతి గరుకు ఎప్పటిదో నాకు గుర్తే.

మెట్లు దిగుతూ అనేశాను: "ఎకరం అమ్మకు నాయినా. సెలవులల్ల వచ్చి పని చేస్త. ట్యూషన్లు చెప్పుకుంట. ఒక ఏడు ఆలస్యమైతే అయితది." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కింద సోడా బండి దగ్గరికి వచ్చాక, "కాళ్ళు నొస్తున్నయా?" అని మాత్రం అడిగాడు.

ఇంటికి చేరేసరికి నాయినమ్మ అరుగు మీదే జాగారం చేస్తున్నది. నా కాళ్ళు దీపం వెలుగులోకి లాగి బొబ్బలు లెక్కపెట్టి, "బస్సెక్కలేదు" అని తృప్తిపడ్డది.

మిత్రులారా, నాకు భక్తి కుదిరిందో లేదో చెప్పలేను. ఈ యాసంగికి మాత్రం బాయికాడి ఎకరంలో మా వరే ఉంది. వచ్చే శివరాత్రికి నాయినమ్మ చెప్పకపోయినా నడుస్తాను. ఈసారి చెప్పులు మాత్రం మంచివి కొనుక్కుంటాను.