నందిగామ రోడ్డు మీద ఊగే ట్రక్కు

విజయవాడ నుండి హైదరాబాదు వెళ్ళే పెద్ద రోడ్డు కీసర దగ్గర మునేటిని దాటి నందిగామ చేరుతుంది. అక్కడి నుండి జగ్గయ్యపేటకు సుమారు 30 కిలోమీటర్లు. ఇది కృష్ణాజిల్లా మెట్టసీమ. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. డెల్టాలో లాగా ఇక్కడ కనుచూపు మేర వరిచేలు ఉండవు. నల్లరేగడిలో పత్తి, మిరప పండిస్తారు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి నేలలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి.

పిల్లలూ, ఈ దారిన బస్సులో వెళ్ళేటప్పుడు కిటికీ దగ్గర కూర్చోండి. పత్తి ఏరే రోజుల్లోనూ, మిరపకాయలు కోసే రోజుల్లోనూ ట్రాక్టర్లు నిండు ట్రక్కులను లాక్కుంటూ పోతుంటాయి. ఒక ట్రక్కు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. మరొకటి చేప తోక ఆడించినట్టు కుడికీ ఎడమకూ ఊగుతూ పోతుంది. రెండింటి బరువూ ఒకటే కావచ్చు. రోడ్డూ ఒకటే. మరి ఈ తేడా ఎందుకు?

ట్రక్కు ముందు పొడవుగా ఉండే ఇనుపదండాన్ని ట్రాక్టరు హుక్కుకు ఒక పిన్నుతో తగిలిస్తారు. ఆ పిన్ను చుట్టూ ట్రక్కు అటూ ఇటూ తిరగగలగాలి. లేకుంటే మలుపు తిరగటం సాధ్యం కాదు. కాని ఈ వీలే తిన్నని దారిలో చిక్కు తెస్తుంది. రోడ్డు మీది గుంట, పక్కగాలి, దాటిపోయే పెద్ద బస్సు తోసే గాలి, వీటిలో ఏదైనా ట్రక్కును కొంచెం పక్కకు నెట్టవచ్చు. బరువు సరిగా సర్ది ఉంటే చక్రాలే దాన్ని మళ్ళీ దారికి తెస్తాయి. లేకపోతే ఊగుడు మొదలవుతుంది.

సరిగా సర్దటం అంటే ఏమిటి? ట్రాక్టర్లు రాకముందే మన రైతులకు ఇది తెలుసు. రెండెడ్ల బండికి ఒకటే ఇరుసు. బస్తాలన్నీ ఇరుసుకు వెనుక వేస్తే కాడి పైకి లేచి, ఎద్దుల మెడలకు కట్టిన పలుపులు బిగుసుకుంటాయి. అన్నీ ముందు వేస్తే కాడి మెడల మీద పడి ఎద్దులు నడవలేవు. అందుచేత బరువంతా ఇరుసు దగ్గరకు వచ్చేటట్టూ, రవంత మాత్రం ముందుకు మొగ్గేటట్టూ సర్దేవారు.

మీరే చూడండి. బల్ల మీద ఒక పెన్సిలు పెట్టి, దాని మీద స్కేలును అడ్డంగా నిలపండి. పెన్సిలు ఇరుసు, స్కేలు బండి, స్కేలు ఒక కొన కాడి. ఒక నాణేన్ని పెన్సిలుకు ముందు ఉంచితే కాడి కిందికి వంగుతుంది. వెనుక ఉంచితే పైకి లేస్తుంది.

ఎద్దుబండిది మెల్లని నడక గనుక, సర్దటంలో తప్పు ఎద్దుల మెడకే తెలుస్తుంది. ట్రాక్టరు వేగంలో అది ఊగుడుగా బయటపడుతుంది. ఇరుసు వెనుక ఉన్న బరువు ఒకసారి పక్కకు కదిలితే, చక్రాలు దారికి తెచ్చేటప్పుడు అది ఆగక రెండో పక్కకు దాటిపోతుంది. ఉయ్యాలను సమయం చూసి తోస్తే పైపైకి పోతుంది కదా! అలాగే ఒక్కొక్క ఊపూ ముందటి దాని కంటె పెద్దదవుతుంది. ఉయ్యాలను తోసేది మీ చెయ్యి. ట్రక్కును తోసేది దాని వేగమే. వేగం ఒక హద్దు లోపల ఉంటే ఊగుడు దానంతట అదే చల్లారుతుంది. బరువు వెనుకకు జరిగిన కొద్దీ ఆ హద్దు తగ్గిపోతుంది.

అమెరికా, ఐరోపా దేశాలలో కొందరు సెలవులకు పోతూ, పడకలూ పొయ్యీ ఉన్న చిన్న ఇంటిబండినే కారు వెనుక తగిలించుకుంటారు. వారికీ ఇదే బెడద. ఆ బండి మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెం మీద పడాలని అమెరికాలో లెక్క చెబుతారు. 1,000 కిలోల బండి అయితే 100 నుండి 150 కిలోలన్నమాట. కదిలే పట్టా మీద బొమ్మ కారునూ, దాని వెనుక బొమ్మ బండినీ నడిపి ఈ సంగతి చూపిస్తారు. బరువు ముందు ఉంచి వేలితో నెడితే బండి కాస్త ఊగి నిలదొక్కుకుంటుంది. వెనుకకు మార్చి నెడితే ఊగి ఊగి తిరగబడుతుంది. ఊగుడును కనిపెట్టి తనంతట తానే బ్రేకు వేసే పరికరాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. కాని అవి సర్దటానికి బదులు కావు.

ఊగుడు మొదలైతే డ్రైవరు ఏం చెయ్యాలి? స్టీరింగును తిన్నగా పట్టుకొని, ఆక్సిలరేటరు మెల్లగా తగ్గించాలి. స్టీరింగును అటూ ఇటూ తిప్పితే ఊగుడు పెరుగుతుంది. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరుకు గట్టిగా బ్రేకు వేస్తే, వెనుక బరువు తోసుకువచ్చి రెండూ మడతకత్తిలాగా మడుచుకుపోతాయి. ఇంకొక సంగతి. పొలంలో చటుక్కున తిరగటానికి ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి బ్రేకు పెడళ్ళు ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి గొళ్ళెం వేయాలి. మరిచి ఒకటే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది.

చిల్లకల్లు దాటితే జగ్గయ్యపేట. పూర్వం దీని పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన తండ్రి జగ్గయ్యగారి పేర దీనిని పేటగా కట్టించారు. ఊరి దగ్గర గుట్ట మీద బౌద్ధస్తూపం ఉన్నది. 1882లో బర్జెస్ దొర దానిని తవ్వించాడు. ఇక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. అందులో రాజు పక్కన చక్రం కూడా చెక్కారు.

ఈ ప్రాంతంలో వేదాద్రి నరసింహస్వామి దర్శనానికీ, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకూ చాలామంది ట్రక్కు ఎక్కి పోతుంటారు. పిల్లలు సరదాపడి వెనుక అంచున కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంటారు. అంటే బరువు సరిగ్గా ఉండకూడని చోటే చేరుతున్నది! పట్టుకోవటానికి ఆధారమూ ఉండదు. 2020 జూన్‌లో వేదాద్రి దగ్గర, దర్శనం చేసుకొని తిరిగివస్తున్న వారి ట్రాక్టరును లారీ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. అది ఊగుడు వల్ల జరిగింది కాదు. కాని ట్రక్కులో కూర్చున్నవారికి రక్షణ లేదన్న మాట మాత్రం నిజం.

ట్రక్కు సరుకులకు, మనుషులకు బస్సు ఉన్నది. ఈసారి మీ ఇంట్లో పత్తి బోరేలో, మిరప బస్తాలో ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. బరువు ఇరుసుకు ముందున్నదా, వెనుకనున్నదా? వెనుకనుంటే నాన్నగారికి చెప్పండి. స్కేలూ, పెన్సిలూ, నాణెమూ తెచ్చి ఎందుకో చూపించండి.