అంచున కూర్చున్న అమ్మ



2024వ సంవత్సరపు కోత పండుగ వీడియోలో మేము చేసిన ఒక పొరపాటును గూర్చి ఈ నెల వ్రాయదలచాము. పొరపాటు చిన్నదే. అది నేర్పిన పాఠము మాత్రము చిన్నది కాదు.

మా సంఘమునుండి అనేకులు పొట్టకూటికై కువైట్, మస్కట్ వంటి చోట్లకు వెళ్ళియున్నారు. పండుగకు రాలేనివారు "అయ్యగారూ, వీడియో పంపండి" అని అడుగుతారు. ప్రతి ఏడు ఫోనులో తీసి, ముక్కలు ముక్కలుగా పంపేవారము. ఈసారి చక్కగా చేసి పంపాలని ఆశపడి, మా సంఘ యవ్వనస్థుడు ఒకని ఇంట కంప్యూటరు ముందు కూర్చున్నాము.

అతడు వాడునది బ్లెండర్ అను సాఫ్ట్‌వేరు. అది ఉచితము. ఉచితముగా దొరికినదాని వెనుక ఎవరో వెల చెల్లించియుంటారని మనకు తెలుసు గదా! నెదర్లాండ్స్ దేశస్థుడైన టోన్ రోసెన్‌డాల్ దానిని తయారుచేశాడు. 2002లో అతని కంపెనీ మూతపడగా, లక్ష యూరోలు చెల్లిస్తే ఆ సాఫ్ట్‌వేరును విడిచిపెడతామని పెట్టుబడిదారులు ఒప్పుకున్నారు. దానిని వాడుకొనేవారు తలా కొంత వేయగా, ఏడు వారములలో ఆ సొమ్ము సమకూడినది. ఆనాటినుండి అది అందరిదీ అయినది. ఈ సంగతి వినినప్పుడు మాకు కోత పండుగ కానుకలే జ్ఞాపకము వచ్చినవి.

మేము తీసిన వీడియోలో బల్ల ముందు వరి కంకుల మోపులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, వాటి వెనుక నిలిచి పాడుచున్న సండేస్కూలు పిల్లలు ఉన్నారు. అంతవరకు బాగున్నది. కాని కుడి ప్రక్క మూలలో సున్నము వేయని ఇటుక గోడ, సిమెంటు బస్తాలు, గుమ్మము దగ్గర చెప్పుల కుప్ప కనబడుచున్నవి. పరదేశములో ఉన్నవారు చూచి ఏమనుకుంటారో అని మాకు సిగ్గనిపించినది.

"అయ్యగారూ, విన్యెట్ వేద్దామండి, మూల కనబడదు" అన్నాడు ఆ యవ్వనస్థుడు.

విన్యెట్ అనగా మీకు తెలియనిదేమీ కాదు. మన ఇండ్లలో పాత స్టూడియో ఫొటోలు ఉంటవి. అమ్మానాన్నల ముఖములు మధ్య అండాకారములో స్పష్టముగా ఉండి, చుట్టూ క్రమముగా మసకబారిపోతుంది. అదే విన్యెట్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న ద్రాక్షతీగ అని అర్థము. పాత పుస్తకముల పుటల అంచులలో తీగలు అల్లినట్లు వేసిన అలంకారమునకు ఆ పేరు వచ్చినది. అనగా మొదట ఆ పేరు అంచును అలంకరించుటకు పుట్టినది. కాలక్రమమున అదే పేరు అంచును మరుగుచేయు పనికి వచ్చినది.

చేసే విధానము అతడు ఓపికగా నేర్పించాడు. తెరమీద చిన్న చిన్న పెట్టెలు ఉంటవి. వాటిని నోడ్లు అంటారు. ఒకదానినుండి మరొకదానికి తీగలు కలపాలి. మొదటి పెట్టెలో మన వీడియో. రెండవది ఎలిప్స్ మాస్క్, అనగా నల్లని తెరపైన అండాకారపు తెల్లని మచ్చ. ఆ మచ్చను ఎక్కడ పెట్టాలో, ఎంత వెడల్పు ఉంచాలో మనమే నిర్ణయించవచ్చును. మూడవది బ్లర్. అది మచ్చ అంచును మెత్తగా కరిగించును. బ్లర్ లేకపోతే తలుపు కంతలోనుండి చూచినట్లు అంచు కత్తిరించినట్లుండును. నాలుగవ పెట్టెలో వీడియోను మాస్కుతో గుణించాలి. తెలుపుకు విలువ 1, నలుపుకు 0. 1తో గుణించినచోట చిత్రము ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. 0తో గుణించినచోట చీకటి. వాటి మధ్యనున్న బూడిద రంగు ఎంతైతే అంత మసక.

మాస్కు ఒక్కసారి పెడితే చాలు. సెకనుకు 30 చిత్రముల చొప్పున 6 నిమిషముల పాటకు 10,800 చిత్రములు. వాటన్నిటికీ కంప్యూటరు రాత్రంతా కూర్చొని అదే మాస్కు వేసినది. ఉదయము చూస్తే పిల్లల ముఖములు వెలిగిపోవుచున్నవి. గోడ లేదు, బస్తాలు లేవు, చెప్పులు లేవు. సంతోషముతో అందరికీ పంపాము.

మూడవ దినమున కువైట్‌నుండి ఫోను వచ్చినది. అక్కడ ఒక ఇంటిలో పనిచేయుచున్న మా సంఘపు బిడ్డ. వెళ్ళి మూడేండ్లయినది.

"అయ్యగారూ, వందనాలండీ. మా అమ్మ పండుగకు రాలేదాండీ?"

"వచ్చిందమ్మా. పాదు మీద కాసిన ఆనపకాయలు రెండు తెచ్చి కానుకగా పెట్టింది."

"వీడియో నాలుగుసార్లు చూశానండీ. ఎక్కడా కనబడలేదండీ. అడిగితే వచ్చానే అంటుందండీ. ఒంట్లో బాగోక, నేను బెంగ పెట్టుకుంటానని అలా చెబుతుందేమోనని రాత్రంతా నిద్రలేదండీ."

మాకు నోట మాట రాలేదు. ఆ తల్లి విధవరాలు. మోకాళ్ళ నొప్పులవలన లేచి వెళ్ళుటకు వీలుగా ఉంటుందని ఎప్పుడూ కుడి ప్రక్క చివరన, గుమ్మము దగ్గరే కూర్చుంటుంది. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసియు, వీడియో చూచినప్పుడు మేము గోడనే చూశాము గాని ఆమెను చూడలేదు.

వెంటనే ఆ యవ్వనస్థుని ఇంటికి పోయాము. అతడు ఆ గుణించే పెట్టెను ఎంచుకొని 'ఎమ్' అక్షరము నొక్కాడు. ఆ పెట్టె పని ఆగిపోయి, చీకటి తొలగినది. ఇటుక గోడ ప్రక్కన, చెప్పుల కుప్పకు రెండడుగుల దూరములో ఆ తల్లి చేతులు జోడించుకొని పిల్లలతో కలిసి పాడుచున్నది! మాస్కు ఆమెను చెరిపివేయలేదు, కప్పినది అంతే. అయితే మేము పంపిన కాపీలోనుండి ఆ చీకటిని తీయుటకు వీలులేదు. అసలు వీడియో భద్రముగా ఉన్నందున సరిపోయినది గాని, లేకపోతే ఆ పండుగలో ఆమె ఎన్నటికీ లేనట్లే.

ప్రియులారా, ఆ రాత్రి మేము ఆలోచించినది ఇది. 1తో గుణించినచోట ఏమీ మారదు అని చెప్పుకున్నాము గదా. పిల్లల ముఖములమీద మేము ఇసుమంత వెలుగైనా పెంచలేదు. చుట్టూ చీకటి చేసినందున కన్ను మోసపోయి, మధ్యభాగము వెలిగినట్లు తలచినది. పరిచర్యలోను మేము ఎన్నిసార్లు ఈలాగు చేశామో! కానుకల లెక్క చదువునప్పుడు పెద్ద మొత్తములు గట్టిగా చదివి, చిన్నవాటిని "మరికొందరు" అని ముగించాము. పెద్దలు సంఘ దర్శనమునకు వచ్చినప్పుడు మంచి బట్టలవారిని ముందుకు రమ్మన్నాము. దానివలన ముందున్నవారికి వెలుగు పెరగలేదు, అంచున ఉన్నవారు మరుగైపోయారు. మన ప్రభువైతే ధనవంతులు కానుకలు వేయుచున్నచోట రెండు కాసులు వేసిన బీద విధవరాలిని చూచెను. లూకా సువార్త 21వ అధ్యాయము తీసి చదువుకొనండి. ఆయన చూపునకు చీకటి అంచు లేదు.

మాస్కు చెడ్డదని మేము చెప్పుట లేదు. ఒక మనిషి ముఖమును దగ్గరగా చూపుటకు అది మంచి పనిముట్టే. అయితే వేయకముందు ఆ అంచున ఎవరు కూర్చున్నారో ఒకసారి చూడాలి. వేసిన తరువాతనైనను, తీసి చూచుటకు సిగ్గుపడకూడదు.

మాస్కు లేని వీడియోను, సున్నము లేని గోడతో సహా, మరల అందరికీ పంపాము. ఒక గంటకు కువైట్‌నుండి మరల ఫోను వచ్చినది. ఆ బిడ్డ ఏడ్చుచు నవ్వుచున్నది.

"అమ్మ కనబడిందండీ అయ్యగారూ. పాడుతుందండీ! ఆ గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు కూడా కనబడ్డాయండీ. నీలం రంగువి. నేను పంపినవేనండీ. తొడుక్కోకుండా దాచుకుంటుందేమో అనుకున్నానండీ."

సిగ్గుపడి మేము దాచిన చెప్పుల కుప్పలో ఒక కుమార్తె ప్రేమ ఉన్నది. అది మాకు తెలియలేదు.

మన సంఘములలోను, మన కుటుంబములలోను అంచున కూర్చున్నవారిని చూచు కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.