రూట్ 27 మీద లాకులు

మన గ్రూపులో శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఒక మెసేజ్ తప్పకుండా పడుతుంది: "పేరెంట్స్ వచ్చారు, ఈ వీకెండ్ ఎక్కడికి తీసుకెళ్ళచ్చు?" క్షణంలో జవాబులు వచ్చేస్తాయి. నయాగరా, వాషింగ్టన్, హెర్షీ చాక్లెట్లు, పిట్స్‌బర్గ్ గుడి, లిబర్టీ బొమ్మ. అన్నీ మంచివే. కానీ ఎడిసన్ నుంచి నయాగరా కారులో ఏడు గంటలు. డెబ్భై దాటిన మోకాళ్ళు ఏడు గంటలు మడిచి కూర్చుంటే ఏమవుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మా అమ్మ అయితే, "ఇంక జలపాతాలు చూపించకే తల్లీ, రాజమండ్రిలో వానాకాలం గోదారి చూసినదాన్ని" అని చేతులెత్తి దణ్ణం పెట్టేసింది.

అమ్మ రావడం ఇది మూడోసారి. నాన్న లేకుండా రావడం మాత్రం మొదటిసారి. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఈసారి అమ్మ అసలు మాట్లాడట్లేదు. ఏం కూర చెయ్యను అంటే "ఏదైనా", నిద్ర పట్టిందా అంటే "ఆఁ". మేం ఆఫీసుకీ, పిల్లాడు స్కూలుకీ వెళ్ళిపోయాక కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద వెళ్ళే స్కూలు బస్సులు లెక్కపెట్టుకుంటుందని మా వాడే నాకు చెప్పాడు. మూడో నెల వచ్చేసరికి, "టికెట్టు కాస్త ముందుకు జరపవే" అని మొదలుపెట్టింది. నా ఆలోచన వేరు. గ్రీన్‌కార్డు ఫారాలు ప్రింటు తీసి సొరుగులో పెట్టుకున్నాను. ఎలా అడగాలో తెలియక రోజులు గడిపేస్తున్నాను.

అలాంటి ఒక వారాంతంలో మా ఆయన అన్నారు, "అత్తయ్య గారికి కారులో గంట మించకూడదు, అంతేగా? అయితే రూట్ 27 మీద ఏమున్నాయో చూద్దాం." మనందరం కూరగాయలకీ, ఇడ్లీ పిండికీ, పిల్లల కుమాన్‌కీ తిరిగే రోడ్డే. పాత లింకన్ హైవే. దాని మీద చూడ్డానికి ఏముంటుందిలే అనుకుంటూనే బయల్దేరాను.

శనివారం క్రిస్టీ స్ట్రీట్. మెట్రోపార్క్ స్టేషన్‌కి కాస్త దూరంలో చెట్ల మధ్య నుంచి ఒక టవర్ కనిపిస్తుంటుంది, చూసే ఉంటారు. ఎత్తు 131 అడుగులు. దాని నెత్తిన పద్నాలుగు అడుగులకి నాలుగు అంగుళాలు తక్కువగా ఒక గాజు బల్బు. 1876లో థామస్ ఎడిసన్ ల్యాబ్ పెట్టుకున్న మెన్లో పార్క్ అదే. ఫోనోగ్రాఫ్ 1877లో, ఎక్కువసేపు వెలిగే కరెంటు బల్బు 1879లో ఇక్కడే తయారయ్యాయి. ఆ ఏడు డిసెంబరు 31న ఈ వీధిలో దీపాలు వెలిగించి చూపిస్తే, జనం కోసం ప్రత్యేకంగా రైళ్ళు నడిపారట. మన ఊరి పేరు అప్పటికి రారిటన్ టౌన్‌షిప్. ఎడిసన్ అని మార్చింది 1954లోనే.

మ్యూజియం చాలా చిన్నది. చిన్నది కావడమే మంచిదైంది, అమ్మ నాలుగడుగులు వేసి కుర్చీలో కూర్చుంటే అన్నీ కనిపించాయి. అక్కడి పెద్దాయన పాత ఫోనోగ్రాఫ్‌కి కీ ఇచ్చి పాట పెట్టాడు. మా వాడు "ఛార్జింగ్ ఎక్కడ?" అని అడిగాడు. అమ్మ మర్యాదకి తలూపింది. ల్యాబ్ ఏదీ అంటే, 1929లో హెన్రీ ఫోర్డ్ మిగిలిన చెక్కా ఇటుకా పోగుచేయించి మిచిగాన్‌లో మళ్ళీ నిలబెట్టుకున్నాడని చెప్పారు. ఇది విన్నాక మాత్రం అమ్మ నోరు తెరిచింది. "ఇల్లు పీక్కుపోయి, ఇక్కడ స్తంభం పాతారా!"

ఆ రోజుకి అంతే. ఒక చిన్న సంగతి, నాకే సరదాగా అనిపించి చెబుతున్నాను. ఎడిసన్ పుట్టింది 1847లో. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టింది కూడా ఆ సంవత్సరమే. అమ్మకి చెప్తే "ఓహో" అంది.

ఆదివారం అదే రోడ్డు మీద రెండో వైపుకి. న్యూ బ్రన్స్‌విక్ దాటి, ఫ్రాంక్లిన్ దాటి, ప్రిన్స్‌టన్ వచ్చేముందు కింగ్‌స్టన్ అని చిన్న ఊరు. అక్కడ రోడ్డు పక్కనే డెలవేర్ అండ్ రారిటన్ కాలవ. డెలవేర్ నది ఒడ్డున బోర్డెన్‌టౌన్ నుంచి రారిటన్ నది మీది న్యూ బ్రన్స్‌విక్ దాకా 44 మైళ్ళు. 1830లో మొదలుపెట్టి 1834కల్లా పడవలు వదిలారు. తవ్వినవాళ్ళు ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు, పలుగూ పారతో. 1832లో కలరా వచ్చి వాళ్ళలో చాలామంది పని చేసే చోటే పోయారు. పెన్సిల్వేనియా బొగ్గు న్యూయార్క్ వెళ్ళిన దారుల్లో ఇదొకటి. రైళ్ళు వచ్చాక పడవలు తగ్గిపోయి, 1932తో అవీ ఆగిపోయాయి. కాలవ మాత్రం ఆగలేదు. ఈనాటికీ మధ్య న్యూజెర్సీలో లక్షలాది మంది తాగేది ఈ నీళ్ళే. మన ఎడిసన్ కుళాయిలకి కూడా వస్తాయి. అంటే మీరు పొద్దున చేసిన సాంబారులో కూడా ఈ కాలవ ఉందన్నమాట.

ఇదంతా బోర్డు చదివీ, తర్వాత ఇంటికొచ్చి వెతికీ తెలుసుకున్నాను. అక్కడ ఉన్నంతసేపూ మాకు చెప్పింది బోర్డు కాదు.

కారు దిగి, మడత కుర్చీ ఒక చేత్తో, అమ్మని ఒక చేత్తో పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళాను. రెండు రాతి గోడల మధ్య ఇరుకుగా నీళ్ళు. పై నీళ్ళకీ కింది నీళ్ళకీ బాగా ఎత్తు తేడా. పక్కనే ఒక తెల్లటి చెక్క ఇల్లు. అమ్మ నా చెయ్యి వదిలేసింది.

"ఇవి లాకులే!"

"లాకులా?"

"లాకులేనే పిచ్చిదానా. అది లస్కరు ఇల్లు."

తెల్లిల్లు నిజంగానే లాకు చూసుకునే మనిషి ఇల్లట, బోర్డు మీద ఉంది. అమ్మ బోర్డు చదవలేదు, ఇంగ్లీషు రాదు కూడా. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. మా వాణ్ణి పిలిచి, కర్ర పుల్ల తీసుకుని నేల మీద గీసి చూపించడం మొదలుపెట్టింది. "ఇదిగో, పడవ కిందనుంచి వచ్చిందనుకో. ఈ గదిలోకి రానిచ్చి వెనక తలుపులు మూసేస్తారు. అప్పుడు ముందు తలుపుల్లో తూములుంటాయి, అవి ఎత్తుతారు. పైనీళ్ళు గదిలోకొస్తాయి. నీళ్ళతోపాటు పడవా లేస్తుంది. పైకాలవకి సమానం అయ్యాక ముందు తలుపులు తీస్తారు, వెళ్ళిపోతుంది. దిగాలంటే తిరగేసి చెయ్యడమే." మా వాడికి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తాడు. వాడు "సో ఇట్స్ లైక్ యాన్ ఎలివేటర్, అమ్మమ్మా" అన్నాడు. "అదే, లిఫ్టు. నీళ్ళ లిఫ్టు" అంది అమ్మ. ఆవిడ వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడి ఎన్నాళ్ళైందో నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

ఇక్కడ పడవల్ని కంచర గాడిదలు లాగేవని చెప్పాను. గట్టు మీద మనం నడిచే బాట వాటి కోసం వేసినదే. "మాకు మనుషులే లాగేవారే. గాలి లేనప్పుడు దిగి, తాడు భుజానేసుకుని, గట్టెమ్మట ఒంగి ఒంగి నడిచేవారు."

"నీకెలా తెలుసమ్మా ఇవన్నీ?"

అమ్మ అప్పుడు కూర్చుంది. తాతయ్య ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేవాడని నేను చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. ఆఫీసు కాదు. గోదావరి కాలవ మీద లాకుల దగ్గర లస్కరు. అమ్మా, మామయ్యా పుట్టింది, పెరిగింది లాకు పక్కన పెంకుటింట్లోనే. అర్ధరాత్రి పడవ వస్తే సరంగు దూరం నుంచే కేక పెట్టేవాడట. తాతయ్య లాంతరు పట్టుకుని లేచి వెళ్ళేవాడు. ధాన్యం, కొబ్బరికాయలు, పెంకులు, ఒక్కోసారి పెళ్ళివారు. మామయ్య పాకే వయసులో నీళ్ళ వైపు వెళ్ళకుండా అమ్మమ్మ వాడి నడుముకి తాడు కట్టి గుంజకి కట్టేసి వంట చేసుకునేది. పెళ్ళివారి పడవ వచ్చిందంటే అమ్మ వాకిట్లో కూర్చుని, నీళ్ళతోపాటు పెళ్ళికూతురు పైకి లేవడం చూసేదట.

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీ నాన్నమ్మకి లస్కరు కూతురు అనిపించుకోవడం ఇష్టం లేదు. పెళ్ళిలోనే చెప్పింది, ఇరిగేషన్ ఆఫీసు అనమని. మీ నాన్న పాపం ఏమీ అనలేదు. తర్వాత అలవాటైపోయింది."

యాభై ఏళ్ళ సంగతి ఇలా రెండు ముక్కల్లో చెప్పేసి, సంచీలోంచి జంతికల డబ్బా తీసి మా ఆయనకి అందించింది. నాన్నమ్మ మీద కోపం నాకు ఆ జంతికలు తిన్నంతసేపూ పోలేదు. నిజం చెప్పాలంటే ఇంకా పోలేదు. నాన్న మీద కూడా కొంచెం.

తిరిగి కారు దగ్గరికి నడుస్తుంటే అమ్మే ఎత్తింది. "సొరుగులో కాగితాలు చూశానే. బట్టలు సర్దుతుంటే కనపడ్డాయి. పేరు నాదే ఉంది కదా." నాకు మాట రాలేదు. "ఇప్పుడొద్దు. నాకు తమ్ముడున్నాడు, ఇల్లుంది, మీ నాన్న సంవత్సరీకాలున్నాయి. పిలిస్తే వస్తాను. ఉండిపొమ్మనకు."

నేను వాదించాను. బీపీ గురించి, రాత్రిపూట ఒంటరిగా ఉండటం గురించి, కిందటేడు బాత్రూములో జారిన సంగతి. ఆవిడ అన్నిటికీ "ఆఁ" అంది. ఈసారి "ఆఁ"కి అర్థం వేరని మాత్రం తెలిసింది. కాగితాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి. టికెట్టు ముందుకి జరపమన్న మాట మాత్రం మళ్ళీ రాలేదు.

మీరు వెళ్ళాలనుకుంటే కొన్ని విషయాలు. క్రిస్టీ స్ట్రీట్ మ్యూజియం వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. కింగ్‌స్టన్‌లో పార్కింగ్ కాలవ పక్కనే ఉంది, కాలవ గట్టుకి టికెట్టు లేదు. బాట చదునుగా ఉంటుంది, మెట్లు ఎక్కక్కర్లేదు, కానీ మడత కుర్చీ తప్పక పెట్టుకోండి. బాత్రూమ్ సంగతి బయల్దేరేముందే చూసుకోవడం మంచిది. ఎండాకాలం గడ్డిలోకి దిగనివ్వకండి. ఇక్కడి టిక్ పురుగులతో లైమ్ జబ్బు వస్తుంది, ఇంటికొచ్చాక కాళ్ళూ మడమల వెనకా చూసుకోవాలి. చీర కట్టుకున్నవాళ్ళకి ఇంకొంచెం జాగ్రత్త.

ఓపికుంటే దగ్గర్లోనే ఇంకో రెండున్నాయి. కింగ్‌స్టన్ దగ్గర కట్ట వేసి ఆపిన నీళ్ళే కార్నెగీ సరస్సు. ప్రిన్స్‌టన్ పిల్లలు పడవ పందేలు వేసుకోవడానికి 1906లో ఆండ్రూ కార్నెగీ డబ్బుతో తయారైంది. ఈత రాని ఐన్‌స్టీన్ అందులో తెరచాప పడవ నడిపేవాడు. రెండోది రాకింగ్‌హామ్, 1783లో జార్జ్ వాషింగ్టన్ ఉండి తన సైన్యానికి వీడ్కోలు ఉత్తర్వు రాసిన ఇల్లు. గనుల తవ్వకం దగ్గరికి వచ్చేస్తుంటే ఆ ఇంటిని మూడు సార్లు చోటు మార్చారు. వీసాల మీద అపార్ట్‌మెంట్లు మారే మనకి ఆ ఇల్లు బాగా అర్థమవుతుంది. లోపలికి మాత్రం మేం వెళ్ళలేదు, అమ్మ లాకుల దగ్గర్నుంచి కదలనంది.

ఆ రాత్రి మా వాడు తీసిన వీడియో అమ్మ మామయ్యకి పంపించింది. తెల్లారి లేచేసరికి రాజమండ్రి నుంచి ఆరు వాయిస్ మెసేజ్‌లు. "అక్కా, తలుపులు చెక్కవా ఇనపవా? చక్రం తిప్పుతారా, దూలం తోస్తారా? లాకు వెడల్పెంత? మన లాకు కంటే పెద్దదా చిన్నదా, సరిగ్గా చెప్పు." అమ్మ వాటిని స్పీకర్‌లో పెట్టి రెండేసిసార్లు వింది. తర్వాత టిఫిను తింటున్న మా ఆయన దగ్గరికొచ్చి, ఇంట్లో కొలిచే టేపు ఉందా అల్లుడుగారూ, వచ్చే ఆదివారం కారులో పడెయ్యండి అంది.