గాలిమర కనిపించని ఊరు

ఊటీ బొమ్మరైలు ఎక్కాలంటే తమిళనాడులోని మెట్టుపాళయం వెళ్లాలి. రైలు కొండెక్కడం మొదలయ్యేది అక్కణ్నుంచే. కెమెరాలు మెళ్లో వేసుకుని వచ్చినవాళ్లంతా ఆ నీలిరంగు పెట్టెల వైపే పరుగెడతారు. కానీ, అదే ఊళ్లో దిగి ఊటీ సంగతే ఎత్తకుండా ‘ఓడంతురైకి ఎటు వెళ్లాలి?’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో సర్పంచులుంటారు, అధికారులుంటారు, దూరదేశాల విద్యార్థులూ ఉంటారు.

ఓడంతురై నీలగిరుల పాదాల దగ్గరి పంచాయతీ. వక్కతోటలు, అరటితోటలు, దగ్గర్లో భవానీ నది... కళ్లకి హాయిగా ఉంటుంది. వచ్చినవాళ్లు మాత్రం తోటల్ని చూడరు. తలెత్తి గాలిమర కోసం వెతుకుతారు. సొంతంగా గాలిమర కొనుక్కున్న పంచాయతీ అని విని వచ్చారు మరి! ఎంత వెతికినా కనిపించదు. అది ఊళ్లో ఉంటేగా... దాదాపు వంద కిలోమీటర్ల అవతల, ఉడుమలపేట దగ్గర మైవాడిలో ఉంది.

ఓడంతురైలో చూడాల్సింది పంచాయతీ జమాఖర్చుల పుస్తకం.

1996లో ఆర్‌.షణ్ముగం పంచాయతీ అధ్యక్షుడయ్యారు (అక్కడ సర్పంచిని అలాగే పిలుస్తారు). అప్పటికి పంచాయతీ కరెంటు బిల్లు నెలకు రెండు వేల రూపాయల దాకా ఉండేది. కొత్త బోర్లు వేశారు, వీధిదీపాలు పెట్టారు, మంచినీళ్లు ఇచ్చారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి బిల్లు యాభై వేలకు చేరింది. ఊరికి మేలు చేసినకొద్దీ ఖజానా ఖాళీ అవుతోందన్నమాట! బకాయి పెరిగితే వీధిదీపాలకు కరెంటు కట్ చేస్తారని తెలుగు పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాళ్లు మొదట చిన్నగానే ప్రయత్నించారు. కొన్ని వీధులకు సౌరదీపాలు పెట్టారు. 2003లో మంచినీటి పంపు కోసం 9 కిలోవాట్ల గ్యాసిఫయర్‌ తెచ్చారు. పనికిరాని చెక్కముక్కల నుంచి గ్యాస్‌ తీసి, దాంతో ఇంజిన్‌ నడిపే యంత్రమది. నీళ్లు తోడే ఖర్చు బాగా తగ్గింది. కానీ మొత్తం బిల్లు సంగతేంటి?

అప్పుడొచ్చింది గాలిమర ఆలోచన. 350 కిలోవాట్ల యంత్రం ధర కోటీ 55 లక్షలు. పంచాయతీ దాచుకున్న సొమ్ము 40 లక్షలు. మిగతా కోటీ 15 లక్షలు బ్యాంకు అప్పు. ఓ పల్లె పంచాయతీకి కోటి రూపాయల పైన అప్పా... అని ఆశ్చర్యపోవచ్చు. బ్యాంకు గోడకు వేలాడే అవార్డుల్ని చూసి అప్పివ్వదు. ఏటా చేతికొచ్చేదెంత, అది ఎంత నమ్మకమైనది, చేతిలో సొంత డబ్బెంత అని చూస్తుంది. ఆ లెక్కలో ఓడంతురై నెగ్గింది. 2006లో గాలిమర తిరిగింది.

ఏడాదికి 6.75 లక్షల యూనిట్ల కరెంటు వస్తుందని అంచనా. పంచాయతీ అవసరం నాలుగున్నర లక్షల చిల్లర. మొత్తం కరెంటు విలువ ఏటా 19 లక్షల రూపాయల వరకూ ఉంటుంది. అప్పు వాయిదాలకు ఏడేళ్ల లెక్క వేసుకున్నది ఈ ఆదాయం చూసుకునే.

గాలిమరను మైవాడిలోనే ఎందుకు పెట్టారంటే... కారణం పాలక్కాడు కనుమ. పడమటి కనుమల గోడకి అక్కడ పెద్ద సందుంది. నైరుతి గాలి ఆ సందులోంచి దూసుకొచ్చి ఉడుమలపేట వైపు పడుతుంది. ఆడి మాసం గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళుల సామెత. ఆ దారంట వెళ్తే కొబ్బరితోటల మీదుగా తిరిగే రెక్కలు వరసగా కనిపిస్తాయి. తరాల కిందటే వచ్చి స్థిరపడిన కుటుంబాల నోట తెలుగు మాటలూ వినిపిస్తాయి. అయితే గాలి జోరు వానాకాలంలోనే. బిల్లు మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. అందుకే ఇక్కడ నెల లెక్క చూసి సంబరపడకూడదు, దిగులూ పడకూడదు. ఏడాది లెక్కే లెక్క.

సొంత ఆదాయం విలువ గడ్డుకాలంలోనే తెలుస్తుంది. 2016 అక్టోబరు నుంచి 2019 డిసెంబరు దాకా తమిళనాడు పంచాయతీలకు ఎన్నికల్లేవు. పాలకవర్గాలు లేవని కేంద్రం నుంచి రావాల్సిన నిధులూ నిలిచిపోయాయి. 2025 జనవరిలో కోయంబత్తూరు సహా చాలా జిల్లాల్లో పదవీకాలం ముగిసి, మళ్లీ ప్రత్యేకాధికారులొచ్చారు. గాలికేమో నోటిఫికేషన్‌తో పన్లేదు!

అలాగని గాలిమర కామధేనువు కాదు. ఇలాంటి యంత్రాలకు మామూలుగా లెక్కేసే ఆయుష్షు ఇరవై ఏళ్లు. 2006 నుంచి లెక్కిస్తే 2026కి ఆ గడువు నిండుతుంది. అప్పు తీరాక వచ్చే ప్రతి రూపాయినీ లాభం అనుకుని ఖర్చు పెడితే, రెక్కలు అరిగిన రోజున ఏ పంచాయతీ అయినా మళ్లీ పాత బిల్లు ముందే నిలబడాలి. చూడ్డానికి వచ్చే సర్పంచులు ఎక్కువగా అడిగేది యంత్రం ధర. అడగాల్సిన రెండో ప్రశ్న... దాని తరుగుదల కింద ఏటా ఎంత పక్కన పెట్టాలని!

కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం 35 కిలోమీటర్లు. బస్సులూ రైళ్లూ ఉన్నాయి. అక్కణ్నుంచి ఓడంతురై పక్కనే. గాలిమరను కూడా చూడాలంటే మాత్రం జూన్‌-ఆగస్టు మధ్య వెళ్లండి, మైవాడికి విడిగా ఇంకో పూట పెట్టుకోండి.